సంచి పట్టుకుని బయలుదేరే ముందు: రైతు బజారు గురించి పాఠకుల ప్రశ్నలు

గత నెల ఈ శీర్షికలో టమాటా ధర గురించి ఒకే ఒక్క ప్రశ్నకు జవాబు ఇచ్చాను. దాని తరువాత వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా రైతు బజార్ల గురించే ఉన్నాయి. కొన్నేళ్ళు మార్కెటింగు శాఖలో ఉద్యోగం చేసి, ఇప్పుడు వారానికి రెండుసార్లు సంచి పట్టుకుని మా కాలనీ బజారుకు వెళ్ళే మనిషిని కనుక, కౌంటరుకు రెండు వైపులా నిలబడిన అనుభవంతో వాటికి జవాబులు రాస్తున్నాను. ఉత్తరాలను కొంత కుదించాను, పేర్లు వేయలేదు.

ప్రశ్న: మేము ఈ మధ్యనే విశాఖపట్నానికి మారాము. ఇంటికి అర కిలోమీటరు దూరంలో ఒక చిన్న రైతు బజారు ఉంది, ముప్ఫై నలభై దుకాణాలకు మించవు. ఇంటి ముందుకు వచ్చే తోపుడు బండి దగ్గర కొనడమే నాకు అలవాటు. బజారులో బోర్డు మీద రాసే ధరను ఎవరు నిర్ణయిస్తారు? ఏ వేళకు వెళ్తే మంచిది? ఒక్కోసారి బండి మీద టమాటా బజారు కంటే చౌకగా దొరుకుతోంది, అదెలా?
– ఒక గృహిణి, విశాఖపట్నం

జవాబు: పంజాబ్, హర్యానాల్లో అప్పటికే నడుస్తున్న ‘అప్నీ మండీ’ల తరహాలో, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 1999 జనవరి 26న రైతు బజార్లను ప్రారంభించింది. అదే ఏడాది నవంబరులో తమిళనాడు మదురైలో ‘ఉళవర్ సందై’ మొదలైంది. పండించినవాడు తానే తెచ్చి తానే అమ్ముకోవాలి, మధ్యలో కమీషను తినేవాడు ఉండకూడదు అన్నదే అన్నింటి వెనకా ఉన్న ఆలోచన. అప్పట్లో ఆర్టీసీ కూడా తెల్లవారుజామున ఊళ్ళ నుంచి గంపలతో సహా రైతులను తీసుకువచ్చే బస్సులు నడిపింది.

బోర్డు మీది ధరను ఏ ఒక్కరూ సొంతంగా రాయరు. బజారు బాధ్యత చూసే ఎస్టేట్ ఆఫీసరు తెల్లవారే సరికి టోకు మార్కెట్ ధరలు తెలుసుకుని, రైతుల ప్రతినిధులతో కూర్చుని ఆ రోజు ధరలు ఖాయం చేస్తారు. టోకు ధర కంటే సుమారు 25 శాతం ఎక్కువ, బయట చిల్లర ధర కంటే సుమారు 25 శాతం తక్కువ ఉండాలన్నది మొదటి నుంచీ ఉన్న కొలమానం. ఉదాహరణకు వంకాయ టోకున కిలో 20 రూపాయలు పలుకుతూ, బయట దుకాణంలో 35 అమ్ముతుంటే, బజారు బోర్డు మీద 25, 26 రూపాయల దగ్గర కనిపించాలి. రైతుకు టోకు మార్కెట్లో వచ్చే దానికంటే ఐదారు రూపాయలు ఎక్కువ, మీకు తొమ్మిది పది రూపాయలు తక్కువ. ఆ బోర్డు ధర గరిష్ఠ ధర. అంతకు మించి అమ్మకూడదు కానీ, తగ్గించి అమ్ముకోవడానికి రైతుకు ఎవరి అనుమతీ అక్కరలేదు.

ఇక వేళ సంగతి. ఆకుకూరలు కావాలంటే ఉదయం ఎనిమిది దాటకుండా వెళ్ళాలి. ఆనందపురం, పద్మనాభం, భీమిలి వైపు నుంచి వచ్చే రైతులు ముందు రోజు సాయంత్రమో, ఆ తెల్లవారుజామునో కోసిన కూరను తెస్తారు, ఎండ ఎక్కిన కొద్దీ అది వాడిపోతుంది. దుంపలు, గుమ్మడి, కంద, దోస వంటి వాటికి తొందర లేదు. తిరుగు బస్సు అందుకోవలసిన రైతు పదకొండు ప్రాంతంలో మిగిలిన రాశిని ధర తగ్గించి వదిలించుకుంటాడు కనుక, అదే రోజు వండేసే ఉద్దేశం ఉన్నవారికి ఆ వేళ లాభమే. చిన్న బజారుకు ఒక సౌకర్యం ఉంది: ఖాళీ సంచితో మొదట ఒకసారి చివరిదాకా నడిచి, ఆ తరువాతే కొనడం మొదలుపెట్టవచ్చు. మొదటి దుకాణం దగ్గరే సంచి నింపేసి, నాలుగో దుకాణంలో అంతకంటే లేత బీరకాయలు చూసి నాలుక కరచుకున్న రోజులు నాకు చాలా ఉన్నాయి.

బండి మీద టమాటా చౌక కావడానికి కారణం తరచుగా రకమే. టోకు మార్కెట్లో పండ్లను ఏరి వేరు చేస్తారు, చిన్నవి, మచ్చ పడినవి, బాగా పండినవి రెండో రకంగా తక్కువకు పోతాయి. బండివాళ్ళలో చాలామంది కొనేది దానినే. అందులో మోసం ఏమీ లేదు, సాయంత్రం చారుకు ఆ పండే మేలు. వారం రోజులు నిలవ ఉంచుకోవాలంటే మాత్రం బజారులో దోర టమాటా ఏరుకోండి.

ప్రశ్న: మా ప్రాంతపు రైతు బజారులో సగం మంది రైతులు కారని, దళారులే రైతుల పేరు మీద కూర్చుంటున్నారని అందరూ అంటారు. అసలు రైతును గుర్తుపట్టడం ఎలా?
– ఒక ఉపాధ్యాయుడు, హైదరాబాదు

జవాబు: అందరూ అనే మాటలో కొంత నిజం ఉంది. సగం అన్న లెక్క ప్రతి బజారుకూ వర్తిస్తుందని మాత్రం నేను అనను. రైతు బజారులో అమ్ముకోవడానికి రైతుకు ఫోటోతో గుర్తింపు కార్డు ఇస్తారు. భూమి, అందులో వేసిన పంట అధికారులు చూసి ధ్రువీకరించిన తరువాత ఇచ్చే కార్డు అది. అడిగితే చూపించాలి. కానీ పొద్దున్నే వెళ్ళి ప్రతి ఒక్కరినీ కార్డు చూపించమనడం మనకూ బాగుండదు, వాళ్ళకూ బాగుండదు. దానికంటే ముందు రాశిని చూడండి.

ఎకరం, రెండెకరాల రైతు దగ్గర ఒక రోజున రెండు మూడు రకాలకు మించి ఉండవు. వంకాయ, దాని పక్కన పచ్చిమిర్చి, గట్టు మీద కాసిన నాలుగు సొరకాయలు, ఒక మూట గోరుచిక్కుడు: ఇదీ ఆయన దుకాణం. సైజులు ఒకేలా ఉండవు. వంకర తిరిగిన కాయ, కొద్దిగా ముదిరిన కాయ కూడా రాశిలోనే ఉంటాయి, ఎందుకంటే ఆయన చెట్టు కాసిందంతా తెచ్చాడు తప్ప ఏరి కొనుక్కొని రాలేదు. అదే ఒక్క దుకాణంలో క్యాబేజీ, బీన్స్, క్యాప్సికం, బీట్‌రూట్, మునక్కాయ అన్నీ ఒకే వరుసలో, ఒకే మెరుపుతో పేర్చి ఉంటే అది ఒక్క చేను నుంచి వచ్చిన సరుకు కాదు. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి: క్యారెట్ కనబడగానే దళారి అని తీర్మానించకండి, చేవెళ్ళ వైపు రైతులు దానిని పండిస్తారు. బంగాళాదుంప జహీరాబాదు పరిసరాల్లో కొంత పండినా, మనకు వచ్చేది ఎక్కువగా ఆగ్రా వైపు సరుకే. ఉల్లి, బంగాళాదుంప వంటి, స్థానికంగా చాలినంత పండని వాటిని అమ్ముకోవడానికి మహిళా స్వయం సహాయక సంఘాలకు బజారులోనే దుకాణాలు ఇస్తారు. అది నిబంధనల ప్రకారం జరిగేదే కనుక అక్కడ కూర్చున్నవారిని ‘మీరు రైతులు కారు కదా’ అని నిలదీయనక్కరలేదు.

అన్నింటికంటే మంచి పరీక్ష మాట కలపడం. ‘ఏ ఊరు?’ అన్న ప్రశ్నకు ఎవరైనా జవాబు చెప్పగలరు. ‘ఇది ఎన్నో కోత?’ అని అడిగి చూడండి. పండించినవాడు తడుముకోకుండా ‘ఇది మూడోది, ఇంకో నాలుగు కోతలు వస్తాయి, ఆ తరువాత కాయ సన్నబడుతుంది’ అని చెబుతాడు, మీరు అడగకపోయినా కాయతొలుచు పురుగు గురించీ, వారం కిందటి గాలివాన గురించీ చెబుతాడు. కొనుక్కొచ్చినవాడు ‘ఫ్రెష్ సార్, ఇప్పుడే దిగింది’ అంటాడు. ‘దిగింది’ అన్న మాట లారీకి సంబంధించినది, మొక్కకు సంబంధించినది కాదు.

అలా ఒకరిద్దరు రైతులను గుర్తుపట్టిన తరువాత ప్రతి వారం వారి దగ్గరే కొనండి. మా ఇంటికి వంకాయలు ఇచ్చే రైతు, పంట చివరి రోజుల్లో ‘ఇవాళ వద్దు సార్, గింజ పట్టింది’ అని తానే వారించాడు. ఏ నాణ్యతా ముద్రకూ నేను అంత విలువ ఇవ్వను.

ప్రశ్న: రైతు బజారులో కిలో బెండకాయలు కొని ఇంట్లో తూస్తే 920 గ్రాములు వచ్చాయి. రెండుసార్లు ఇలాగే జరిగింది. ఎవరికి చెప్పాలి?
– ఒక విశ్రాంత ఉద్యోగి, రాజమహేంద్రవరం

జవాబు: మొదట మీ ఇంటి త్రాసును అనుమానించండి. విప్పని కిలో ఉప్పు ప్యాకెట్‌ను దాని మీద పెట్టి చూస్తే, కవరు బరువుతో కలిపి కిలోకు నాలుగైదు గ్రాములు ఎక్కువ చూపించాలి. అలా చూపిస్తే మీ త్రాసు నమ్మదగినదే, తగ్గిన 80 గ్రాములు బజారులోనే తగ్గాయి. బెండకాయ ఎండకు నీరు కోల్పోయే మాట నిజమే అయినా, ఇంటికి వచ్చేలోగా అంత తగ్గదు.

ఎలక్ట్రానిక్ త్రాసు మీద కాయలు పోసే గిన్నెతోనే చాలా తేడాలు వస్తాయి. ఖాళీ గిన్నె పెట్టి సున్నా చేసిన తరువాత కాయలు పోయాలి. గిన్నె మార్చి సున్నా చేయకపోతే, పాత గిన్నెకూ కొత్త గిన్నెకూ ఉన్న తేడా మీ నెత్తిన పడుతుంది. ఒక ఊళ్ళో నాకు ఇదే అనుభవమైంది. ప్లాస్టిక్ గిన్నెకు సున్నా చేసి ఉన్న యంత్రం మీద కూరగాయలు అమ్మే అమ్మాయి స్టీలు గిన్నె పెట్టి తూచింది. నేను చెప్పగానే నాలుక కరచుకుని, మళ్ళీ తూచి, పిడికెడు కాయలు ఎక్కువే వేసింది. పొరపాటు వేరు, రోజూ చేసే పని వేరు. తూచే ముందు అంకెలు సున్నా దగ్గర ఉన్నాయో లేదో చూడడం అలవాటు చేసుకుంటే మొదటిది మిమ్మల్ని బాధించదు, రెండోది మీ దగ్గర సాగదు.

ఎలక్ట్రానిక్ త్రాసుకు ఏడాదికి ఒకసారి, పాత కాటా త్రాసుకూ ఇనుప గుండ్లకూ రెండేళ్ళకు ఒకసారి తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర మీకూ కనబడాలి. తేడా మళ్ళీ వస్తే అక్కడే, కాయలు సంచిలో కలపకముందే, ఎస్టేట్ ఆఫీసరు దగ్గరకు తీసుకువెళ్ళి మరో త్రాసు మీద తూయించండి. ఇంటికి వచ్చాక చేసే ఫిర్యాదుకు రుజువు ఉండదు. అక్కడ పని జరగకపోతే తూనికలు కొలతల శాఖ జిల్లా కార్యాలయానికి రాయవచ్చు, లేదా జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు.

ప్రశ్న: మా అత్తగారు రైతు బజారులో కూడా బేరం ఆడతారు, కరివేపాకు ఊరికే వేయమంటారు. మావారికీ నాకూ సిగ్గుగా ఉంటుంది. ఆవిడ ‘కొసరు అడగకపోతే కొన్నట్టే కాదు’ అంటారు. ఎవరిది సబబు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అత్తాకోడళ్ళ మధ్య తీర్పు చెప్పేటంత ధైర్యం నాకు లేదు కానీ, బేరం వేరు, కొసరు వేరు అని మాత్రం చెప్పగలను. బోర్డు ధరే టోకుకూ చిల్లరకూ మధ్య కట్టిన ధర, అందులో ఉదయం పూట ఇంకా రెండు రూపాయలు తగ్గించమంటే ఆ రెండూ రైతు బస్సు ఖర్చులోంచి పోతాయి. పూలు, పండ్లు, బోర్డు మీద లేని సరుకు అయితే బేరం ఆడడంలో తప్పు లేదు. పొద్దెక్కిన తరువాత ‘మొత్తం రాశి తీసుకుంటాను, ఎంతకిస్తావు’ అనడమూ న్యాయమైన బేరమే, దానికి రైతు కూడా ఎదురుచూస్తూ ఉంటాడు.

కొసరు సంగతి వేరు. వీశెలూ పదలాలూ ఉన్న రోజుల నుంచీ తూకం అయిపోయిన తరువాత అమ్మినవాడు తన చేత్తో తాను వేసే నాలుగు కాయలు అవి. ముల్లు నిలువుగా నిలబడిన తరువాత కూడా ‘ఇంకో కాయ వేసుకోండమ్మా’ అనడంలో అమ్మేవాడి పెద్దరికం ఉంది. అడిగి తీసుకుంటే అది తూకంలో భాగమైపోతుంది. కరివేపాకు విషయంలో మాత్రం మీ అత్తగారి వాదన ఇప్పుడు నిలవదు. పెరటి చెట్టు నుంచి ఒక రెమ్మ తుంచి పడేసే రోజుల్లో అది ఊరికే వచ్చేది, ఇప్పుడు కొందరు రైతులు ఎకరాల్లో తోటలు వేసి, కూలీ ఇచ్చి కోయించి, కట్టలు కట్టి తెస్తున్నారు. కూరగాయలు అమ్మే మనిషి దానిని పక్క దుకాణంలో డబ్బిచ్చి కొని మనకు ‘ఊరికే’ వేస్తున్నాడు.

ప్రశ్న: ఆకుకూరలు కొనడం, నిలవ చేయడం నాకు చేతకావడం లేదు. గోంగూర పుల్లగా ఉండదు, తోటకూర నారగా ఉంటుంది, కొత్తిమీర రెండో రోజుకే కుళ్ళిపోతోంది.
– ఉద్యోగిని, విజయవాడ

జవాబు: మీ మూడు ఫిర్యాదులకూ మూడు వేర్వేరు కారణాలు. గోంగూరలో ఎర్ర కాడది పులుపు ఎక్కువ, తెల్ల కాడది తక్కువ. పచ్చడికి ఎర్రది, పప్పుకు తెల్లది అని అమ్మమ్మలు వాడుకునేవారు. కట్ట కొనే ముందు ఒక ఆకు చివర తుంచి నాలుక మీద పెట్టుకుంటే తెలిసిపోతుంది, రైతు ఏమీ అనుకోడు. తెలంగాణ వైపు పాఠకులు దీనినే పుంటికూర అంటారు కనుక, హైదరాబాదు బజారులో ‘గోంగూర’ అని వెతికే కోస్తావారు ఆ మాట కూడా గుర్తుంచుకోవాలి, ఆనపకాయ అడిగితే సొరకాయ చూపించే చోట గొడవ పడకూడదు.

తోటకూర నార కావడానికి వయసే కారణం. ఆకు పెద్దదిగా ఉన్నంత మాత్రాన ముదిరినట్టు కాదు, చిన్నదిగా ఉన్నంత మాత్రాన లేతదీ కాదు. కాడను మధ్యలో వంచి చూడండి: లేతదైతే ‘టక్’మని విరిగి, విరిగిన చోట తడి మెరుస్తుంది. ముదిరితే విరగదు, వంగి, పీచు పట్టుకుని వేలాడుతుంది. కొస దగ్గర, ఆకుల మొదళ్ళలో చిన్న చిన్న గింజల్లాంటి పూమొగ్గలు కనిపిస్తే ఆ మొక్క విత్తనానికి సిద్ధమైందన్నమాట, దానిని వదిలేయండి. వేరుతో పీకిన లేత మొక్కల కట్ట, కోసిన కట్ట కంటే ఎక్కువసేపు వాడకుండా ఉంటుంది. వేరుకు అంటిన మట్టిని చూసి మొహం తిప్పుకోకండి, మట్టి ఇంకా తడిగా ఉంటే ఆ కూర ఆ ఉదయమే పీకినది. పాలకూరలో, బచ్చలిలో ఆకు మీద చిన్న చిల్లులు ఉండడం నాకు అభ్యంతరం కాదు. పసుపు రంగుకు తిరిగిన అంచు, కట్ట మధ్యలో వేడి ఉండడం మాత్రం అభ్యంతరమే. కట్ట లోపలికి రెండు వేళ్ళు దూర్చి చూడండి. రాత్రంతా గోనెలో కుక్కి తెచ్చిన కూర లోపల వెచ్చగా తగులుతుంది, అది సాయంత్రానికి నల్లబడుతుంది.

కొత్తిమీర కుళ్ళిపోవడానికి తడే కారణం. బజారులో తాజాగా కనబడాలని నీళ్ళు చల్లుతూ ఉంటారు, ఆ తడితోనే మనం ప్లాస్టిక్ కవరులో కట్టి ఫ్రిజ్‌లో పెడతాం. ఇంటికి రాగానే కట్ట విప్పి, కుళ్ళు రెమ్మలు ఏరేసి, ఫ్యాను కింద పావుగంట ఆరనిచ్చి, పొడి నూలు గుడ్డలో వదులుగా చుట్టి పెడితే నాలుగైదు రోజులు నిలుస్తుంది. కడగడం వండే ముందు చేయండి. న్యూస్‌పేపరులో చుట్టే అలవాటు చాలా ఇళ్ళలో ఉంది, అచ్చు సిరాలో సీసం వంటి హానికరమైన పదార్థాలు ఉండవచ్చని ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ హెచ్చరించింది కనుక గుడ్డే మేలు. వెళ్ళేటప్పుడే రెండు గుడ్డ సంచులు తీసుకువెళ్ళి, ఆకుకూరలకు ఒకటి కేటాయిస్తే, బంగాళాదుంపల కింద పడి నలిగే బాధ కూడా ఉండదు.

ప్రశ్న: ఒక దుకాణం ముందు ‘ప్రకృతి వ్యవసాయం’ అని, దాని పక్కనే ‘ఆర్గానిక్’ అని బోర్డులు ఉన్నాయి. ధర కొంచెం ఎక్కువ. నమ్మవచ్చా?
– ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: బోర్డు రాసుకోవడానికి సుద్దముక్క చాలు. పీజీఎస్ అనేది రైతులే భాగస్వాములై ధ్రువీకరించే పద్ధతి. ప్యాకెట్ మీద ‘పీజీఎస్ ఇండియా గ్రీన్’ ముద్ర ఉంటే ఆ పొలం రసాయనాల నుంచి సేంద్రియానికి మారే దశలో ఉందనీ, ‘పీజీఎస్ ఇండియా ఆర్గానిక్’ ముద్ర ఉంటే ఆ దశ పూర్తయిందనీ అర్థం. ఈ పద్ధతిలో రైతులు బృందంగా ఏర్పడి ఒకరి పొలాన్ని మరొకరు పరిశీలిస్తారు. ఇండియా ఆర్గానిక్ ముద్ర బయటి సంస్థ తనిఖీ చేసి ఇచ్చేది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వానికి చెందిన రైతు సాధికార సంస్థ ఆధ్వర్యంలో ప్రకృతి వ్యవసాయం చేస్తున్న రైతులు ఏ గ్రామం, ఏ బృందం అన్నది చెప్పగలరు. విడిగా, ముద్ర లేకుండా అమ్మే చిన్న రైతు అబద్ధం చెబుతున్నాడని కూడా అనుకోకూడదు. ‘పురుగు పడితే ఏం కొడతారు?’ అని అడగండి. వేప గింజల కషాయమో, వేపాకు, ఆవు మూత్రంతో చేసే నీమాస్త్రమో ఎలా తయారు చేస్తాడో, ఎన్ని రోజులకు ఒకసారి పిచికారీ చేస్తాడో చెప్పేవాడి దగ్గర నేను కొంటాను. ‘ఏమీ కొట్టం సార్, అదే పెరుగుతుంది’ అనేవాడి దగ్గర కొనను, వంకాయ అలా పెరగదు.

వేసవిలో మామిడి విషయంలో ఇంకొక మాట. కార్బైడుతో మగ్గబెట్టడం నిషిద్ధం, ఇథిలీన్ వాయువును పరిమితిలో వాడవచ్చు. పండంతా ఒకే పసుపు రంగులో ఉండి, తొడిమ దగ్గర వాసన లేకపోతే వదిలేయండి.

ప్రశ్న: మేము కాలిఫోర్నియాలో ఉంటున్నాము. ఆదివారం మా వీధి చివర చిన్న ఫార్మర్స్ మార్కెట్ పెడతారు. మా అమ్మగారు ఇక్కడికి వచ్చినప్పుడు ‘ఇది మన రైతు బజారే కదా’ అన్నారు. నిజంగా పోలిక ఉందా?
– ఒక ప్రవాస పాఠకురాలు

జవాబు: మీ అమ్మగారి మాట చాలావరకు నిజం. సర్టిఫైడ్ మార్కెట్ అయితే అక్కడ కూడా పండించినవారే అమ్మాలి. కౌంటీ వ్యవసాయ అధికారి ఇచ్చిన పత్రాన్ని, అందులో వారు పండించే పంటల జాబితాను దుకాణం దగ్గర కనబడేలా పెట్టాలి, మన గుర్తింపు కార్డు వంటిదే అది. ముఖ్యమైన తేడా ధరలో ఉంది: అక్కడ ఉమ్మడి బోర్డు ధర లేదు, ఎవరి ధర వారిది, సూపర్‌మార్కెట్ కంటే ఎక్కువే ఉండవచ్చు. ఫ్రెస్నో పరిసరాల్లో చిన్న కమతాల మీద పండించే, ఆగ్నేయాసియా నుంచి వలస వచ్చిన హ్మాంగ్ తెగ రైతుల దుకాణం మీ మార్కెట్లో ఉంటే ముందు అక్కడికి వెళ్ళండి, కాకరకాయ, పొడవు అలసందలు, సన్నని వంకాయలు అక్కడ దొరికే అవకాశం ఎక్కువ. మీ అమ్మగారిని బేరం మాత్రం ఆడనివ్వకండి.

ప్రశ్న: నాకు ఎకరంన్నర ఉంది, బెండ, దోస, పచ్చిమిర్చి వేస్తాను. రైతు బజారులో అమ్ముకోవాలంటే ఏం చేయాలి? మా బావమరిది అక్కడ అమ్ముతాడు. బజారుకు వచ్చే చదువుకున్నవాళ్ళు ప్రతి బెండకాయ కొస విరిచి, నచ్చకపోతే రాశిలోనే పడేసి పోతారని, రోజుకు కిలోన్నర అలా పోతుందని చెప్పాడు. ఇది కూడా మీ పత్రికలో రాయండి.
– ఒక రైతు, ఎన్టీఆర్ జిల్లా

జవాబు: పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, ఫోటోలు, ఈ-పంటలో (ప్రభుత్వ పంటల నమోదులో) మీ పంట నమోదైన వివరం తీసుకుని, మీరు అమ్మదలచిన బజారు ఎస్టేట్ ఆఫీసరును కలవండి. ఆ తరువాత మీ పొలాన్ని, పంటను అధికారులు చూస్తారు. కౌలు భూమి కూడా ఉంటే పంట సాగుదారు హక్కు పత్రం వెంట తీసుకువెళ్ళండి. కార్డులో రాసిన పంటలనే మీరు అమ్మవలసి ఉంటుంది కనుక, దోస తీసేసి కాకర వేసినప్పుడు ఆ మార్పును నమోదు చేయించడం మరచిపోకండి. తనిఖీ రోజున చాలామంది చిక్కుల్లో పడేది అక్కడే. మొదటి వారం తక్కువ సరుకుతో వెళ్ళి, ఆ బజారులో ఏ వేళకు ఏది పోతుందో చూసుకోండి. మిర్చికి ఉదయం గిరాకీ, దోసకు సాయంత్రం వరకూ గిరాకీ ఉంటుందని నేను చూసిన చిన్న బజార్లలో గమనించాను.

మీ రెండో మాటకు వస్తే, అందులో చెప్పిన దోషుల్లో నేనూ ఒకడిని. మా నాన్నగారు నేర్పిన పద్ధతి అది, నలభై ఏళ్ళు కొసలు విరిచాను. కొస విరగని కాయను రాశిలోకి విసిరేవాణ్ణి, విరిగిన కాయను సంచిలో వేసుకునేవాణ్ణి. అలా కొస వంచి పడేసిన కాయ సాయంత్రానికి కొస నల్లబడి ఎవరూ కొనరన్న ఆలోచన రాలేదు. కొన్నేళ్ళ కిందట ఒక ముసలామె నా చేతిలోంచి కాయ తీసుకుని, విరచకుండానే చూసే పద్ధతి చెప్పింది. ఈ శీర్షిక చదివేవారికి దానిని అలాగే అందిస్తున్నాను: బెండకాయను కొస దగ్గర కాకుండా నడుము దగ్గర రెండు వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా అదిమితే, లేతదైతే గట్లు లోపలికి కొద్దిగా లొంగి మళ్ళీ లేస్తాయి, ముదిరినదైతే కర్రలా ఎదురు తిరుగుతుంది. పైన నూగు చేతికి తగలాలి, తొడిమ కోసిన చోట ఆకుపచ్చగా ఉండాలి. వేలెడు పొడవు దాటని కాయ ఏరుకుంటే మామూలు రకాల్లో తప్పు పోదు.

మీ బావమరిదిగారి దుకాణం ముందు ఒక అట్టముక్క మీద ‘కొస విరచకండి, లేత కాయ నేనే తీసి ఇస్తాను’ అని రాసి పెట్టమనండి.